మీసాల మంత్రసాని కోటు

మీసాల మంత్రసాని జీవితంలో ఆడిన అబద్ధాలు రెండు. మామూలు మనుషులకు పొద్దున టీ చల్లారేలోపే ఆ కోటా పూర్తయిపోతుంది. అరవై మూడేళ్ళు రెండంటే రెండు అబద్ధాలతో నెట్టుకొచ్చాడంటే ఆ మనిషి మితభాషి అయినా అయివుండాలి, మాట్లాడేదంతా మేకలతోనైనా అయివుండాలి. అతని విషయంలో రెండూ నిజమే.

ఊరి చివర, బస్సులు వెనక్కి తిరిగే చోట, మేకపాల ఫారం ఒకటి ఉంది. ఆరు పొడవాటి రేకుల షెడ్లు, వెనక గడ్డివాములు, తెల్ల పలకలు పరిచిన పాలగది, నాలుగు వందల పైచిలుకు ఆడమేకలు. చలి ముదిరాక అవి వరసపెట్టి ఈనడం మొదలుపెడతాయి. అక్కడినుంచి మూడు నెలలు మేనేజరు పేరుకే మేనేజరు. అసలు పెత్తనమంతా ఇతనిది. అడ్డం తిరిగిన పిల్లను లోపలికి చెయ్యి పెట్టి సర్దడం, మడతపడిన కాలిని విడదీయడం, బొడ్డుకి మందు రాయడం, మాయ పడిందో లేదో చూడడం, అన్నీ అతని చేతిమీదే జరగాలి. మగవాడు పురుళ్ళు పోయడమేమిటని పాలు పితికే ఆడవాళ్ళు ముప్ఫై ఏళ్ళ కిందట ముసిముసిగా నవ్వుకుని మంత్రసాని అన్నారు. తలుపు గడియలా మొహానికి అడ్డంగా పెరిగిన మీసాన్ని వదిలేయడం అన్యాయమని దాన్నీ కలిపారు. ఆ తరవాత అతని అసలు పేరు పలికేది భార్య ఒక్కతే. ఆవిడ పోయాక ఆ పేరూ ఆవిడతోనే పోయింది.

అతని గొప్పంతా ఊదడంలో ఉంది. పిల్ల బయటపడి కదలకుండా ఉంటే, మిగతావాళ్ళు రెండు దెబ్బలు వేసి, తలకిందులుగా ఊపి, బుట్టలో పడేస్తారు. అతను మాత్రం గడ్డిలో మోకాళ్ళ మీద కూర్చుని, ముక్కులోని జిగురు చిటికెనవేలితో తీసి, పిల్ల నోరు మూసి, ముక్కుపుటాల మీద తన నోరు ఆనించి ఊదేవాడు. గట్టిగా కాదు, వేడి పాల మీద మీగడ పక్కకి జరపడానికి ఊదినట్టు. నాలుగు ఊదులు, ఒక ఆగడం. మళ్ళీ నాలుగు. ఉన్నట్టుండి పిల్ల పొట్ట ఎగిరిపడేది, తుమ్ము వచ్చేది. ఆ తుమ్మంతా అతని మీసం మీదే.

ఓసారి బుట్టలో పడేసిన పిల్లను పోతూపోతూ తీసి ఊదితే అది లేచి నిలబడిందన్నది నిజం. మరుసటి ఏడాదికి ఆ కథలో రెండు పిల్లలు లేచాయి. పదేళ్ళకి బుట్ట బుట్టంతా లేచి నడిచింది. మేనేజరు సైకిలు ట్యూబులో గాలి లేకపోతే ఇతను ఊదిపెట్టాడనీ, ఇంటికి వెళ్ళేదాకా ఆ సైకిలు బెల్లు కొట్టినప్పుడల్లా 'మే' అందనీ చెప్పుకునేవారు. ఎవరేం చెప్పినా అతను ఔననేవాడు కాదు, కాదనేవాడు కాదు.

"ఊదినా లేవనివి ఎన్నో, అవి కూడా చెప్పండర్రా," అనేవాడు. అంతే.

ఇక ఆ కోటు. మోకాళ్ళ దాకా వచ్చే మట్టిరంగు ముతక కోటు. ఎడమ జేబులో కత్తెర, దారం, మందు సీసా. కుడి జేబులో గడ్డిపోచలు. చలికాలం మొదటి ఈతకి తొడిగితే చివరి ఈత అయ్యేదాకా దానికి నీళ్ళు తగలకూడదు. అది బద్ధకం కాదు, అతని పనితనంలోనే ఒక భాగం. పుట్టిన ప్రతి పిల్లనూ తడి ఆరకముందే ఆ కోటులో చుట్టి రుద్దేవాడు. అన్ని తల్లుల ఉమ్మనీరూ దానికి పట్టి, షెడ్డులో ఏ మేక వాసన చూసినా తన బిడ్డ వాసనే తగిలేది. కాబట్టి పిల్ల పోయిన తల్లి దగ్గరికి, తల్లి పోయిన పిల్లను తీసుకెళ్ళాలంటే దాన్ని ఒక్కసారి ఆ కోటులో దొర్లిస్తే చాలు. మామూలుగా పరాయి పిల్లను కొమ్ములతో ఎత్తి పడేసే మేక, దీన్ని మాత్రం మూతితో రాసుకుని పొదుగు కిందకి తోసుకునేది. ముప్ఫై ఏళ్ళలో ఆ ఫారంలో తల్లి లేని పిల్ల అంటూ మిగల్లేదు. ఆ గొప్ప తనది కాదనీ, కోటుదనీ అతని నమ్మకం.

ఆ గొప్పదాన్ని ఇంట్లో భరించాల్సింది కూతురూ అల్లుడూ. రెండో అంతస్తులో రెండు గదుల వాటా వాళ్ళది. ముందుగదిలో కూతురి కుట్టుమిషను, దాని పక్కన ఆమె కత్తిరించిన గుడ్డల మూటలు. వెనక గదికి ఆనుకుని చిన్న వంటిల్లు, మెట్ల మలుపులో మేడ మీదకి దారి. కోటు తలుపు పక్క మేకుకి వేలాడేది.

"మామయ్యా, దీనికి వేరే టికెట్టు కొట్టాలి," అనేవాడు అల్లుడు. అతను బస్సు కండక్టరు. "ఇంకొక్క నెల ఆగితే ఇదే దిగి నడుచుకుంటూ డ్యూటీకి వెళ్ళిపోతుంది."

"నీ యూనిఫారం కంటే దీనికి విలువెక్కువ అల్లుడూ. నువ్వు ఈల వేస్తే బస్సు ఆగుతుంది. ఇది కనబడితే మేక బిడ్డను ఒప్పుకుంటుంది."

"నాన్నా, కనీసం వంటింటి వైపు తిప్పకు," అనేది కూతురు ముక్కు మూసుకుని. ముక్కు మూసుకున్నా నవ్వేది. ఆ ఏడాది ఆమె ఊరికే నవ్వుతోంది.

ఎనిమిదేళ్ళ కాపురంలో ఆమె రెండుసార్లు నెల తప్పి, రెండుసార్లూ మూడో నెల నిండకుండానే పోగొట్టుకుంది. మొదటిసారి అభినందించడానికి వచ్చినవాళ్ళే పదిహేను రోజులకు ఓదార్చడానికి వచ్చారు. ఒకావిడైతే తను ఇచ్చిన పిల్లల దుప్పటి ఏమైందని కూడా అడిగింది. అందుకని మూడోసారి ఆమె తండ్రి చేత తన చేతిలో చెయ్యి వేయించుకుంది.

"బిడ్డ నా చేతిలో పడేదాకా ఎవరికీ చెప్పకు నాన్నా. మీ ఫారంలో మనిషన్నవాడికి తెలియకూడదు. మాట ఇవ్వు."

"మేకలకి చెప్పొచ్చా?"

"మేకలకి కూడా వద్దు."

మాట ఇచ్చాడు. నాలుగో నెల దాటింది. ఐదో నెల వచ్చింది. ఆమె కుట్టుమిషను ముందు కుర్చీని వేలెడు వెనక్కి జరుపుకుంది. అతను రోజూ పని నుంచి వచ్చి మొదట ఆ కుర్చీ వైపు చూసేవాడు.

ఆ చలికాలమే ఫారంలో మేకలు ఈసుకుపోవడం మొదలైంది. నెలలు నిండకముందే పిల్లను జారవిడిస్తే పశువుల వాళ్ళు ఈసుకుపోయింది అంటారు. ఏటా ఒకటో రెండో అలా పోవడం మామూలే. ఈసారి మొదటి వారంలోనే తొమ్మిది. మేకలు చూడబోతే గుండ్రాళ్ళలా ఉన్నాయి, మేత తింటున్నాయి, నెమరు వేస్తున్నాయి. పొద్దున వెళ్ళేసరికి గడ్డిలో చచ్చిన పిల్ల ఉండేది. అతను ప్రతిదాని దగ్గరా మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ప్రతిదానికీ ఊదాడు. లేవదని తెలిసినవాటిక్కూడా ఊదాడు. తరవాత చచ్చినదాని తడిని కోటుకి పట్టించి, అదే కోటులో ఇంకో మేక కవలల్లో ఒకదాన్ని దొర్లించి, బిడ్డ పోయిన తల్లికి అంటగట్టాడు. ఏ పొదుగూ వట్టిపోలేదు. మేనేజరు భుజం తట్టాడు.

పశువుల డాక్టరమ్మ ఆ ఏడే కొత్తగా వచ్చింది. మోకాళ్ళ దాకా బూట్లు, మూతికి గుడ్డ, చేతులకి తొడుగులు. మాయ ముక్కలు సీసాల్లో పెట్టించి పరీక్షకి పంపింది. అతను ఊదడం చూసి అక్కడే నిలబడిపోయింది.

"పెద్దాయనా, నోటితో ఊదకండి. దయచేసి. ఇవి ఊరికే పోవడం లేదు, ఏదో క్రిమి పట్టింది. మేక నుంచి మనిషికి రావచ్చు."

"ముప్ఫై ఏళ్ళుగా ఊదుతున్నానమ్మా. వచ్చేదుంటే ఈపాటికి నాకు కొమ్ములు రావాలి."

పక్కన పాలు పితికే ఆడవాళ్ళు కిసుక్కుమన్నారు. డాక్టరమ్మ నవ్వలేదు.

"తొడుగులైనా వేసుకోండి. ఆ కోటు ఇంటికి తీసుకెళ్ళకండి. ఒక్కటి చెప్పండి, మీ ఇంట్లో కడుపుతో ఉన్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

అతని చూపు కోటు గుండీ మీదకి దిగింది. కూతురి చెయ్యి గుర్తొచ్చింది, అందులో తన చెయ్యి. చుట్టూ ఎనిమిది మంది ఆడవాళ్ళు చెవులు నిక్కించి ఉన్నారు.

"లేరమ్మా," అన్నాడు.

అది మొదటి అబద్ధం.

డాక్టరమ్మ ఇంకేదో చెప్పబోయింది. అంతలో మూడో షెడ్డులోంచి పిలుపు వచ్చింది, అతను వెళ్ళిపోయాడు. అలా ఎందుకు అడిగిందోనని దారిలో ఒక్క క్షణం అనుకున్నాడు. ఆడవాళ్ళు ఆడవాళ్ళ సంగతులు అడుగుతారు అనుకున్నాడు. అక్కడ మేక రెండో పిల్లతో సతమతమవుతోంది. ఆలోచన తెగిపోయింది.

రెండు వారాలకి అతనికి జ్వరం వచ్చింది. వస్తే మామూలుగా రాలేదు. చొక్కా పిండితే నీళ్ళు కారేంత చెమట, కళ్ళ వెనక సుత్తితో కొడుతున్నట్టు నొప్పి, పొడి దగ్గు. మంచానికి అతుక్కుపోయాడు. వీధి చివర కాంపౌండరు చలిజ్వరమని మాత్రలిచ్చాడు. కూతురు మిషను పక్కకి జరిపి, అతని తల పక్కన కూర్చుని తడిగుడ్డలు మార్చింది.

"మేకలకి మంత్రసాని ఉన్నాడు. మంత్రసానికి ఎవరున్నారు?" అంది.

"నువ్వున్నావుగా."

"నేను కుట్టుపనిదాన్ని. కావాలంటే నీ నోటికి రెండు కుట్లు వేస్తా, దగ్గు ఆగుతుంది."

ఐదో రోజు మధ్యాహ్నం పాలత్త వచ్చింది. ఫారంలో అందరికంటే పాత మనిషి. పాలు పితుకుతుంది కాబట్టి పాలు, అందరికీ అత్త కాబట్టి అత్త. రెండంతస్తులు ఎక్కేసరికి ఆవిడ ఆయాసం ఆవిడ కంటే ముందే లోపలికొచ్చింది. తండ్రి మగత నిద్రలో ఉన్నాడు. కూతురు పొట్ట కనబడకుండా, చలికన్నట్టు శాలువా నిండుగా కప్పుకుంది.

"అమ్మాయ్, మీ నాన్న రాకపోతే పోనీ. కోటు పంపమన్నాడు మేనేజరు."

"కోటా?"

"కోటే. ఐదు పిల్లలు తల్లుల్లేక అరుస్తున్నాయి. నేను చీర కొంగులో చుట్టి తీసుకెళితే ఆ ముండ మేక నన్ను కుమ్మింది. ఇదిగో, చూడు మోచెయ్యి. మీ నాన్నకంటే ఆ కోటుకే ఎక్కువ పరపతి ఉందమ్మా అక్కడ."

కూతురు నవ్వుకుంటూ మేకు మీది కోటు తీసింది. చేతిలోకి తీసుకున్నాక నవ్వు ఆగింది. ముందుభాగమంతా అట్టలు కట్టి రేకులా బిరుసెక్కి ఉంది. పెచ్చులు చేతికి అంటుకున్నాయి.

"ఇలా ఎలా పంపను అత్తా? ఇంట్లో ఆడపిల్ల ఉండి ఇలా ఉంచిందేమిటి అనుకోరూ?"

"నీళ్ళు తగిలించావంటే మీ నాన్న లేచి మనిద్దరినీ కుమ్ముతాడు."

"నీళ్ళొద్దులే. ఉట్టినే దులుపుతా."

మేడ మీదకి తీసుకెళ్ళి తీగ మీద వేసి, గోడవార ఉన్న కర్ర అందుకుంది. బట్టలతో బతికే మనిషి కాబట్టి ఏ పనైనా శుభ్రంగా చేయడం ఆమెకి అలవాటు. ముందు దులిపింది, వెనక దులిపింది, జేబులు తిరగేసి దులిపింది, చంకల్లో కర్ర దూర్చి దులిపింది. ఎండలో దుమ్ము తెల్లగా లేచి చాలాసేపు గాల్లోనే నిలిచింది. ఆమెకి రెండు తుమ్ములు వచ్చాయి. కోటు మడిచి, కాగితంలో చుట్టి, పాలత్త చేతిలో పెట్టింది.

"మగపెళ్ళివారికి పంపినట్టు పంపుతున్నావే," అంది పాలత్త.

పది రోజుల తరవాత అతను కాళ్ళు కూడదీసుకుని పనికి వెళ్ళాడు. కోటు పాలగది తలుపుకి వేలాడుతోంది. తడిమి చూసి నొసలు చిట్లించాడు.

"పెచ్చులేవి?"

"మీ అమ్మాయి మేడ మీద నిలబెట్టి నాలుగు తగిలించింది," అంది పాలత్త. "నీ మీద కోపమంతా దాని మీద తీర్చుకుందనుకుంటా. దుమ్ము మబ్బులా లేచిందనుకో."

"పిచ్చిపిల్ల. దీనిలో వాసనంతా పోగొట్టింది," అని విసుక్కున్నాడతను. దాని గురించి ఆ రోజు అంతకంటే అనుకున్నది లేదు.

ఇంకో పదిరోజులకి కూతురికి జ్వరం వచ్చింది. మూడోరోజు అల్లుడు ఆమెను పెద్దాసుపత్రిలో చేర్చాడు. పడక దొరికిందని కబురు చేశాడు. పొద్దుటి పాలు పితకడం కాగానే ఆసుపత్రికి వెళ్దామని అతను కోటు విప్పుతుండగా డాక్టరమ్మ కాగితం పట్టుకుని వచ్చింది. మేనేజరుతో తలుపు వేసుకుని మాట్లాడింది. బయటికొచ్చి గడ్డిమోపు మీద అతని పక్కనే కూర్చుంది.

"పరీక్ష వచ్చింది పెద్దాయనా. క్యూ జ్వరం అంటారు దీన్ని. మొదట్లో ఏమిటో అర్థంకాక డాక్టర్లు పేరు బదులు ఇంగ్లీషులో ప్రశ్న అనే మాట మొదటి అక్షరం పెట్టుకున్నారు, అదే పేరైంది. మేక మాయలో, ఉమ్మనీటిలో కోట్లకొద్దీ ఉంటుంది. ఎండినా చావదు. నెలల తరబడి దుమ్ములో బతుకుతుంది. ఆ దుమ్ము పీలిస్తే మనిషికి వస్తుంది. మీకు వచ్చిన జ్వరం అదే అయ్యుంటుంది."

"నాకు తగ్గిందిగా."

"అందరికీ తగ్గదు. సగం మందికి వచ్చినట్టే తెలియదు. భయమల్లా కడుపుతో ఉన్నవాళ్ళకి. మేకల్లో ఏం చేస్తోందో మీరు చూశారుగా."

గడ్డిమోపు మీద కూర్చున్న మనిషి పైకి లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. ఈ షెడ్డులో ఈ చలికాలంలో జారిపోయినవన్నీ వరసగా అతని కళ్ళముందు పడ్డాయి.

"ఆ రోజు మీరు నన్నొకటి అడిగారమ్మా. ఉన్నారు. మా అమ్మాయి. ఏడో నెల."

డాక్టరమ్మ చప్పున లేచింది. తిట్టలేదు. తిడితే బాగుండుననిపించిందతనికి. కాగితం చేతిలో పెట్టి, "పరుగెత్తండి. ఇది అక్కడి డాక్టరుకి చూపించండి," అంది.

మేనేజరు గేటు దగ్గర చెయ్యి అడ్డం పెట్టాడు. "మంత్రసానీ, ఒక్క నాలుగు రోజులు ఈ మాట బయటికి..."

అతను ఆ చేతిని మేక మూతిని పక్కకి తోసినట్టు తోసి వెళ్ళిపోయాడు.

ఆసుపత్రిలో ఆడ డాక్టరు అప్పటికే రెండుసార్లు అడిగిందట, ఇంట్లో పశువులున్నాయా అని. రెండో అంతస్తులో పశువులెక్కడివి అని నవ్వాడట అల్లుడు. మంత్రసాని కాగితం అందించి, కోటు సంగతీ జ్వరం సంగతీ ఒక్క అక్షరం దాచకుండా చెప్పాడు. ఆమె గబగబా లోపలికి వెళ్ళింది. మందులు మార్చారు. ఆ రోజంతా, మరుసటి రోజంతా తండ్రీ అల్లుడూ ఆ నడవాలో ఇనప బల్ల మీద కూర్చున్నారు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా లేచారు.

మూడోరోజు ఉదయం బిడ్డ గుండె వినబడడం మానేసింది. మధ్యాహ్నానికి కాన్పు చేశారు. మగపిల్లాడు. నర్సు ఒక తెల్లగుడ్డలో చుట్టి నడవాలోకి తెచ్చి, తాతవి కదా చూస్తావా అంది. చూశాడు. పిడికిలంత మొహం, మూసిన ముక్కుపుటాలు. తన ప్రమేయం లేకుండానే అతని మోకాళ్ళు వంగాయి, పెదాలు సున్నాలా చుట్టుకున్నాయి. అల్లుడు వెనకనుంచి అతని రెండు భుజాలూ పట్టుకున్నాడు.

"మామయ్యా," అన్నాడు. "వద్దు మామయ్యా. ఇక ఏం లేదు."

నర్సు గుడ్డ కప్పి తీసుకెళ్ళిపోయింది.

సాయంత్రం డాక్టరు ఇద్దరినీ తన గదిలోకి పిలిచింది. తల్లి గట్టెక్కినట్టేననీ, మళ్ళీ బిడ్డ కలగకపోవడమంటూ ఉండదనీ, కొన్ని నెలలు మాత్రం ఆగి, రక్తం చూపించుకోవాలనీ చెప్పింది. ముగ్గురి రక్తమూ మొదటి రోజే తీయించింది. అల్లుడిలోనూ ఆ క్రిమి ఆనవాళ్ళున్నాయి, అతనికి తుమ్మైనా రాలేదు. మంత్రసాని విషయంలో ఆమె స్టెతస్కోపు చాలాసేపు ఛాతీ మీదే ఉంచింది. గుండె కవాటం ముందే పాతబడి ఉందనీ, క్రిమి అక్కడ కాపురం పెట్టిందనీ, ఏడాదిన్నర మాత్రలు మింగాలనీ చెప్పింది.

"నా నుంచి మా అమ్మాయికి వచ్చిందా అమ్మా? నేను దగ్గుతుంటే అది పక్కనే కూర్చుంది."

"మనిషి నుంచి మనిషికి ఇది దాదాపు రాదు. ఆ కోటు ఆమె ముట్టుకుందా? ఉతికిందా?"

"ఉతకలేదు," అన్నాడతను. "దులిపింది."

డాక్టరు పెన్ను కింద పెట్టింది. "ఆమెకి తెలుసా?"

"తెలియదు."

"ఇప్పుడు చెప్పకండి. కోలుకున్నాక మీరే మెల్లగా చెప్పండి."

ఇక ఫారం సంగతి. మూడురోజుల్లో లారీలు వచ్చాయి. చూలుతో ఉన్న మేకలన్నిటినీ ఎక్కించుకుపోయారు. ఎక్కడికని ఎవరూ అడగలేదు. గడ్డీ, మాయలూ, పెంటా గోతిలో వేసి సున్నం పోశారు. కోటును మంత్రసాని తనే తెచ్చి, జేబుల్లోని కత్తెరా సీసా కూడా తీయకుండా గోతిలో వేశాడు. తల్లి లేని పిల్లలు ఏడు మిగిలాయి. వాటిని ఏ తల్లికి అంటగట్టాలని పాలత్త అడిగింది. "సీసాతో పట్టండి," అని అతను గేటు దాటాడు. ముప్ఫై ఏళ్ళు నడిచిన దారే, వెనక్కి తిరిగి చూడలేదు.

కూతురు ఇంటికొచ్చాక ఏడవలేదు. అదే అందరినీ భయపెట్టింది. మిషను ముందు కూర్చునేది, తొక్కేది కాదు. కుర్చీని మళ్ళీ వేలెడు ముందుకి జరుపుకుంది. పన్నెండో రోజు మధ్యాహ్నం అల్లుడు డ్యూటీకి వెళ్ళబోతూ తలుపు దగ్గర బూట్లు తొడుక్కుంటున్నాడు. తండ్రి కిటికీ పక్కన మాత్రలు మింగుతున్నాడు. ఆమె ఖాళీగా ఉన్న మేకు వైపు చూసింది.

"నాన్నా."

"చెప్పు తల్లీ."

"ఆసుపత్రిలో నర్సులు దుమ్ము అనుకుంటుంటే విన్నాను." ఆమె గొంతు చాలా మామూలుగా ఉంది. "ఆ రోజు కోటు నేను దులిపాను. చాలాసేపు దులిపాను. అందుకేనా?"



మెల్లగా చెప్పమంది డాక్టరు. ఎంత మెల్లగా చెప్పాలో పన్నెండు రోజులుగా అతను లోలోపల వల్లె వేస్తూనే ఉన్నాడు. కూతురి చేతులు ఒళ్ళో ఉన్నాయి. కర్ర పట్టుకున్న చేతులు. ఇకమీదట ప్రతి గుడ్డా ఆ చేతులతోనే దులపాలి.

"కోటుదేముందే, పిచ్చిమొహమా," అన్నాడు. "పది రోజులు నేనిక్కడ దగ్గుతూ పడుకోలేదూ? నువ్వు నా మొహం మీద మొహం పెట్టి గుడ్డలు మార్చలేదూ? నా ఊపిరిలోంచి వచ్చింది నీకు. డాక్టరే చెప్పింది. కావాలంటే మీ ఆయన్ని అడుగు."

ఆమె భర్త వైపు చూసింది.  కండక్టరు బూటు లేసు ముడేస్తూ తల ఊపాడు.

"అయితే నావల్ల కాదు."

"నీవల్ల కాదు తల్లీ. నావల్ల."

అప్పుడు ఏడ్చింది. పన్నెండు రోజులదీ ఒకేసారి ఏడ్చింది. అతను తల నిమరడానికి లేచాడు. ఆమె ఏడుస్తూనే, తనకి తెలియకుండానే, కుర్చీని వెనక్కి జరుపుకుంది. జానెడే జరిగింది. అతను నిలబడిన చోటే నిలబడ్డాడు.

ఆ జానెడు తరవాత తరవాత పెరిగింది. అతని గ్లాసు వేరైంది, కంచం వేరైంది. మంచం ముందుగదిలోంచి మెట్ల మలుపులోని వసారాలోకి మారింది. ఆమె కోపంతో చేసింది కాదు. అన్నీ వేళకి పెట్టేది, మాత్రలు గుర్తుచేసేది. మాట్లాడేటప్పుడు మాత్రం చీరచెంగు మూతికి అడ్డం వచ్చేది.

"మామయ్యా, నేను చెప్పేస్తాను," అన్నాడు అల్లుడు ఓ ఉదయం మెట్ల మీద. "ఏమిటీ శిక్ష మీకు? మీ నుంచి రాదని డాక్టరు మొత్తుకుని చెప్పింది."

"చెప్పి? నీ పెళ్ళాం బతికినన్నాళ్ళూ ఎన్ని దెబ్బలు కొట్టానో అని లెక్కపెట్టుకుంటూ కూర్చోవాలా?"

"మరి మీరు?"

"నాకేం. మేకలతో బతికినవాణ్ణి. వసారా నాకు కొత్తేం కాదు." నవ్వబోయాడు, ఆయాసం వచ్చింది. ఇప్పుడు రెండంతస్తులు ఎక్కాలంటే మధ్యలో మూడుచోట్ల కూర్చోవాలి. "బస్సు పోతుంది, వెళ్ళు. ఈ మాటకి టికెట్టు కొట్టేశాం. దిగడం లేదిక."

మూడో ఏడాది కూతురికి ఆడపిల్ల పుట్టింది. నెలలు నిండి, పుట్టీ పుట్టగానే వార్డంతా దద్దరిల్లేలా ఏడ్చింది. ఎవరూ ఊదే అవసరం లేకుండానే ఏడ్చింది. ఆ ఏడుపు అతను కింద ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని విన్నాడు. పాలత్త వచ్చి, "మంత్రసానీ, నీకు పని తప్పింది," అంది. "తప్పింది," అన్నాడు, మీసం తుడుచుకుంటూ.

పిల్ల పాకే వయసుకొచ్చింది. మధ్యాహ్నాలు అతను వసారాలో గడప ఇవతల కూర్చునేవాడు, మూతికి గుడ్డ కట్టుకుని. కూతురు అడగలేదు, తనే కట్టుకున్నాడు. పిల్ల గడప అవతల గుడ్డపీలికలతో ఆడేది. కూతురు మిషను తొక్కుతూ ఒక కన్ను ఇటు వేసి ఉంచేది.

ఒకనాడు దారం తెగి ఆమె సూదిలోకి ఎక్కిస్తుండగా పిల్ల గడప దాటేసింది. వచ్చి తాత మోకాలు పట్టుకుని నిలబడింది, మొహానికున్న గుడ్డ పట్టుకుని లాగింది. గుడ్డ మెడలోకి జారింది. మీసం దొరికింది. ఇంత మంచి వస్తువు ఇన్నాళ్ళూ ఎందుకు దాచారన్నట్టు రెండు చేతులతో పట్టుకుని మొహం దగ్గరికి తెచ్చింది. దాని ముక్కు అతని పెదాలకి వేలెడు దూరంలో ఉంది.

ఊదితే నవ్వేదే. మీగడ జరిగేంత ఊదినా నవ్వేది.

మిషను ఆగిన చప్పుడు వినబడింది. అతను ఊపిరి బిగబట్టాడు.

"నాన్నా, గుడ్డ!"

మీసంలోంచి ఒక్కొక్క వేలే విడదీశాడు, చిక్కుపడిన పిల్లకాలిని విడదీసినంత జాగ్రత్తగా. అప్పటికే కళ్ళ ముందు చీకట్లు కమ్ముతున్నాయి, ఛాతీలో పాత కవాటం తలుపు కొడుతోంది. పిల్లను మెల్లగా తిప్పి, గడప అవతలికి, తల్లి చేతుల్లోకి జరిపాడు. గుడ్డ మళ్ళీ కట్టుకున్నాడు. ముడి బిగిసిందని వేలితో చూసుకున్నాక గోడవైపు తిరిగి, బిగబట్టిన ఊపిరి అప్పుడు వదిలాడు.